చెయ్యి ఎవరిదండీ?

కిందటి నెల మోకాలి నొప్పితో తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు గది బయట కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నా పేరు, వయసు, బరువు అడిగింది. చెప్పాను. తర్వాత నా మొహం వంక చూడకుండానే టకటకా ఏదో కొట్టేసి "అయిపోయిందండి, లోపలికి వెళ్ళండి" అంది. తెర మీదకి తొంగిచూశాను. నా పేరు పక్కన బీపీ గడిలో నూట ఇరవై బై ఎనభై అని ఉంది. బీపీ చూసే యంత్రం ఆ అమ్మాయి మోచేతి పక్కనే, పట్టీ విప్పకుండా, చుట్టిన తీగతో సహా పడి ఉంది.

"ఈ చెయ్యి ఎవరిదమ్మా?" అని అడిగేశాను.

ఆ అమ్మాయి ముందు తన చేతుల వంక చూసుకుంది, తర్వాత నా వంక అనుమానంగా చూసింది. నవ్వి ఊరుకుందామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఆ మాట నాది కాదు. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది దాటింది.

నాది ఏలూరులో జిల్లా ఆఫీసు ఉద్యోగం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రోగుల వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకే ఎక్కుతాయి కదా, వాటిని పోగేసి ఏ కేంద్రంలో వైద్యం ఎలా ఉందో తేల్చాలి. గర్భిణులందరికీ బీపీ చూశారా, షుగరు ఉన్నవాళ్ళకి అదుపులో ఉందా, రమ్మన్న రోజున రానివాళ్ళెవరు. బాగుంటే ఆ కేంద్రం పేరు పక్కన ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. పై అధికారులకి ఆకుపచ్చ ఇష్టం. వాళ్ళ దగ్గర జీతం తీసుకునేవాణ్ణి, నాకూ ఇష్టమే.

ఆ మాట అనే ఆవిడ కొల్లేటి వైపు ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. తాడేపల్లిగూడెంలో ఇల్లు. రోజూ పొద్దున్నే రైలెక్కి, దిగి ఆటో పట్టుకుని వచ్చేవారు. పొట్టి మనిషి. ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో మజ్జిగ ఫ్లాస్కు. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేవారు. టైము ఎంతయిందని ఎవరైనా అడిగితే, ఏదో రహస్యం చూసుకుంటున్నట్టు అరచేయి తిప్పి చూసి చెప్పేవారు.

బీపీ చూడ్డం ఆవిడకి ఒక పూజ. వచ్చిన మనిషిని ముందు బల్ల మీద ఊరికే కూర్చోబెట్టేవారు. "కాసేపు ఊపిరి పీల్చుకోండి. ఆటోవాడి మీద కోపం ఉంటే అది కూడా దిగనివ్వండి" అనేవారు. తర్వాత తన అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకుని, రోగి మోచేతి కింద ఒక చెయ్యి ఆనించి పట్టుకునేవారు. చెయ్యి గాల్లో వేలాడితే అంకె అబద్ధం చెబుతుందట. ఇక పట్టీలో గాలి దిగుతున్నంతసేపూ యంత్రం వంకా చూసేవారు కాదు, మనిషి వంకా చూసేవారు కాదు. కిటికీలోంచి బయట సైకిళ్ళ వంక చూస్తూ ఉండేవారు. ఒకసారి అడిగాను, ఎందుకలా అని.

"వాళ్ళు నా మొహం చూస్తారండి. నా మొహంలో అంకె కనిపించిందంటే వాళ్ళది ఇంకో పది పెరుగుతుంది" అన్నారు.

ఆవిడకి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, 'అండీ'లు పెరిగేవి. మామూలుగా మాట్లాడుతున్నప్పుడు మాటకొకటి, కోపంలో మాటకి రెండు. మొట్టమొదటిసారి నేను ఆ కేంద్రానికి వెళ్ళి, ట్యాబ్‌లో వాళ్ళ లెక్కలు చూపించి మెచ్చుకోబోతే, ఆవిడ వేలితో తెరని పైకి తోసుకుంటూ పోయి ఆగారు.

"మన జిల్లాలో జనం మహా క్రమశిక్షణ గలవాళ్ళండీ" అన్నారు. "చూడండి, నేను చూసినవాళ్ళది తప్ప ఒక్కరి బీపీ కూడా సున్నా కాకుండా ఇంకో అంకె దగ్గర ఆగలేదండీ. యంత్రం చూస్తే నూట ముప్ఫై మూడని, నూట ఇరవై ఆరని చెబుతుందండీ. సున్నాలు వేసేది మనిషండీ."

ఆ సాయంత్రం ఏలూరు వచ్చి మిగతా కేంద్రాల లెక్కలు తీసి చూశాను. సున్నాలే.

కొల్లేటి ఊళ్ళలో ఒక పద్ధతుంది. చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు, మేత కట్టేవాళ్ళు పని వదిలి రాలేరు. వదిలితే ఆ రోజు కూలీ పోతుంది, చెరువు ఆసామి మాట పడాలి. అందుకని వీధికొకరు అందరి కార్డులూ పట్టుకుని వచ్చి అందరి మాత్రలూ పట్టుకెళ్తారు. రేషను బియ్యానికీ అంతే, గ్యాసుబండకీ అంతే. ఒకరికొకరు చేసుకునే సాయం అది, తప్పని ఎవరూ అనుకోరు. అందుకే మన డాక్టరుగారు ఏ కాగితం చూసినా, ఏ తెర చూసినా ముందు అడిగే మాట "చెయ్యి ఎవరిదండీ?" స్టాఫుకి అది వేళాకోళం అయిపోయింది. టీ గ్లాసులు వస్తే "ఈ టీ ఎవరిదండీ?" అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవారు. ఆవిడకి వినిపించేది. ఆవిడా నవ్వేవారు.

ఆ నవ్వులు ఒక వానాకాలం రోజున ఆగిపోయాయి.

ఆ మధ్యాహ్నం ఆ కేంద్రాన్ని చూడటానికి పైనుంచి బృందం వస్తోంది. జిల్లాలో మంచి వైద్యం అందిస్తున్న కేంద్రంగా దాన్ని నిలబెట్టాలని మా అధికారి పట్టుదల. లెక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. బృందానికి ఏ తెర తర్వాత ఏ తెర చూపించాలో చెప్పడానికి నేను పొద్దున్నే వెళ్ళాను. గోడలకి కొత్త సున్నం వాసన. పక్క ఊరి సబ్‌సెంటర్ నర్సు పట్టుచీర కట్టుకుని వచ్చింది. డాక్టరుగారు మాత్రం ఎప్పటి నేత చీరలోనే, నెలలు నిండుతున్న గర్భిణుల పేర్లు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నారు. ఒక పేరు దగ్గర వేలు ఆగింది.

"ఈ అమ్మాయికి మొదటిసారి నేనే చూశానండి" అన్నారు. "అప్పుడే బీపీ కొంచెం పైకి ఉంది. జాగ్రత్త అని చెప్పి పంపాను. తర్వాత చూడండి, ప్రతిసారీ మామూలుగా ఉంది. కాన్పు దగ్గరపడిన మనిషికి ఇలా దిగిపోతుందా అండీ?"

"తగ్గిందేమోనండి, మంచిదే కదా" అన్నాను. బృందం వచ్చే వేళ అవుతోందని నా కంగారు నాది.

ఆవిడ నర్సుని పిలిచారు. "చెయ్యి ఎవరిదండీ?"

నర్సు అలవాటుగా నవ్వింది. గదిలో ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆమె నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"వాళ్ళాయనదండి" అంది మెల్లిగా.

నర్సు గబగబా చెప్పుకుపోయింది. "ఆ అమ్మాయి చెరువు మీద ఉంటుంది మేడమ్‌గారూ, రాలేదండి. ఆయన కార్డు పట్టుకుని అంతదూరం నుంచి వస్తాడండి మాత్రల కోసం. బీపీ గడి నింపకపోతే మాత్రలు ఇచ్చినట్టు ట్యాబ్‌లో ఎక్కదండి. ఒట్టి చేతుల్తో ఎలా పంపనండీ? ఆయనే అన్నాడండి, నా చెయ్యి చూసెయ్యండి, ఇద్దరం ఒకటేగా అని."

"మొన్న వచ్చినప్పుడు ఆవిడెలా ఉందని చెప్పాడండీ?"

"కాళ్ళు నీరు పట్టాయన్నాడండి. తలనొప్పని పడుకుంటోందని... ఎండలో తిరిగే మనిషి కదా అని నేను..."

డాక్టరుగారు అప్పటికే లేచి నిలబడ్డారు. "తలనొప్పండీ. కాళ్ళ వాపండీ" అన్నారు ఎవరితోనో కాదు, తనతో తనే. గడియారం తిప్పి చూసుకున్నారు.

రికార్డులో ఉన్న నంబరుకి ఫోను చేశాం. అది ఆ మనిషిది కాదు, ఆకివీడులో ఉండే చెరువు ఆసామిది. వాళ్ళని ఏ చెరువు మీద పెట్టారో గుమాస్తానడిగి చెబుతానన్నాడాయన. ఆ గుమాస్తా ఎంతకీ దొరకలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఇంజెక్షన్లు సంచిలో సర్దుతున్నారు. వాన మొదలైంది. ఈలోపు నా ఫోను మోగింది, మా అధికారి.

"బృందం ఏలూరులో బయల్దేరింది. డాక్టరుగారు కుర్చీలో ఉండాలి. ఎవరూ కదలొద్దు."

ఆ మాటే ఆవిడకి చెప్పాను. ఆవిడ నా వంక చూసిన చూపులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

"పచ్చరంగు చూపించడానికి డాక్టరెందుకండీ? కంపౌండరుగారు చూపిస్తారండీ. మీరు నాతో రండీ. మీ యంత్రంలో ఉన్న మనిషికీ అక్కడున్న మనిషికీ తేడా ఎంతో మీరు కూడా చూడాలండీ."

చివరికి గుమాస్తా దొరికి చెరువు ఏదో చెప్పాక, నర్సుని కూడా ఎక్కించుకుని జీపులో వెళ్ళాం. తారు రోడ్డు అయిపోయిన దగ్గర జీపు ఆగిపోయింది. అక్కడి నుంచి చెరువు గట్టు, నల్లమట్టి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. నర్సు పట్టుచీర మోకాళ్ళ దాకా బురద. నీళ్ళలో పాతిన కర్రలకి మేత సంచులు వేలాడుతున్నాయి, వాటి చుట్టూ చేపలు ఎగబడుతున్నాయి. నా ఫోను మోగుతూనే ఉంది. రెండోసారి నుంచి తియ్యడం మానేశాను. డాక్టరుగారు బీపీ యంత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైటకొంగు కింద దాచుకుని అందరికంటే ముందు నడుస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. ఎక్కడా ఆగలేదు.

గట్టు మీద తాటాకు పాక. లోపల నులకమంచం మీద ఆ అమ్మాయి, నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకుని ఉంది. మొహం ఉబ్బిపోయింది. భర్త చెరువులో మేత పడవ మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి గబగబా గడ వేసుకుంటూ వచ్చాడు.

"డాక్టరమ్మగారూ, ఏవిటండీ ఇలా వానలో వచ్చారు? కబురెడితే నేనే వద్దును కదండీ."

ఆవిడ ఆ అమ్మాయిని మంచం మీద మెల్లిగా లేపి కూర్చోబెట్టారు. నర్సు కంగారుగా పట్టీ కట్టబోతే "ఆగండి" అన్నారు. తడిసిన చేతుల్ని చీరకి తుడుచుకుని రుద్దుకున్నారు. ఆ అమ్మాయి మోచేతి కింద అరచేయి పెట్టారు. పాకకి కిటికీ లేదు. గుమ్మంలోంచి నీళ్ళ వైపు చూశారు.

గాలి దిగడం అయిపోయింది. ఆవిడ ఇటు తిరగలేదు. నేను వంగి అంకె చూశాను. నూట డెబ్బై ఎనిమిది బై నూట పదహారు. ఆ చివరి అంకెల్లో ఒక్క సున్నా లేదు.

"కళ్ళు మసకగా ఉంటున్నాయామ్మా?"

"రెండ్రోజుల బట్టీ దీపం చుట్టూ పొగలా అవుపడతందండి" అంది ఆ అమ్మాయి.

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకూ మా ఇంటిదానికీ ఒకటే కూడండీ, ఒకటే నీళ్ళండీ. నాది బాగుంటే దానిది బాగున్నట్టే కదండీ" అన్నాడు. ఆ మాటలో దొంగతనం లేదు. నిజంగా అలాగే అనుకున్నాడు. ప్రతిసారీ అంతదూరం నడిచి వెళ్ళి, తన చెయ్యి చాపి, పెళ్ళాం బాగుందని సంతోషంగా తిరిగి వచ్చాడు.

ఫిట్స్ రాకుండా వేసే ఇంజెక్షను వేశారు. 108 బండి గట్టు మీదకి రాదు, చెరువు అవతలి ఒడ్డున రోడ్డు దగ్గర ఆగుతానంది. మళ్ళీ ఆ గట్టంతా మంచం మీద మోసుకెళ్ళే వ్యవధి లేదు. మేత బస్తాలు దింపేసి పడవలోనే పడుకోబెట్టాం. భర్త గడ వేస్తున్నాడు. డాక్టరుగారు తవుడంటిన పడవ చెక్కల మీద కూర్చుని, ఆ అమ్మాయి మోచేయి వదలకుండా పట్టుకున్నారు. అవతలి ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే ఆమె కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళు బిగిసింది. పడవ ఊగింది.

"గడ ఆపకయ్యా, నువ్వు ఇటు చూడకు, ఒడ్డు వంక చూడు" అన్నారు ఆవిడ. ఆమెని పక్కకి తిప్పి పట్టుకున్నారు. "అమ్మాయ్, నేనిక్కడే ఉన్నానమ్మా. ఈ చెయ్యి నాదమ్మా" అంటూనే ఉన్నారు. వాన చప్పుడులో అదొక్కటే మాట. ఒడ్డుకి చేరేలోపు ఆ బిగింపు సడలింది. అంతసేపూ నేను పడవలోకి వచ్చే నీళ్ళు తోడుతూ కూర్చున్నాను. నా చేతనయింది అదే.

ఏలూరు పెద్దాసుపత్రిలో తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

తర్వాత వార్డులో ఆ అమ్మాయి మంచం పక్కన డాక్టరుగారు కూర్చుని ఉండగా చూశాను. "నీ చేతికి బదులు ఇంకెవరి చెయ్యీ పనికిరాదమ్మా" అంటున్నారు. "మీ ఆయన మంచివాడే. అయినా నీ పనికి నువ్వే రావాలి. నీ బదులు ఎవర్నీ పంపకు." ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

బృందం వచ్చి, పచ్చరంగు చూసి, డాక్టరు లేరని రాసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ నన్ను పిలిచి, నర్సుని పక్కన కూర్చోబెట్టుకుని, రాని మనుషుల పేర్లన్నీ గుర్తు తెచ్చుకోమన్నారు. ఆ అంకెలన్నీ తీసేసి 'కొలవలేదు' అని పెట్టమన్నారు. అలా మార్చే అధికారం నా లాగిన్‌కే ఉంది.

"నా ఉద్యోగం పోతుందండి" అన్నాను.

"డాక్టరు చెప్పగా మార్చానని రాయండి. నా సంతకం పెడతాను."

ఒక్కో అంకె తీసేస్తుంటే నా కళ్ళ ముందే కేంద్రం ఎర్రబడుతూ వచ్చింది. నర్సు ఏడ్చింది. ఆమె మీద ఏ కాగితమూ పైకి పంపలేదు డాక్టరుగారు. "చెయ్యి చూపిస్తే గానీ మాత్రలివ్వనన్నది మీ కంప్యూటరండీ. ఆవిడ మనిషిని ఒట్టి చేతుల్తో పంపలేకపోయిందండీ. మందలించడం నేను మందలించానులెండి" అన్నారు నాతో.

ఏలూరులో జరిగిన సమావేశంలో మా అధికారి అందరి ముందూ ఆవిణ్ణి నిలబెట్టారు. తెర మీద ఆవిడ కేంద్రం అట్టడుగున, ఎర్రగా.

"ఇదేంటి డాక్టరుగారూ, జిల్లా పరువు తీశారు?"

"అవునండీ, ఎర్రగానే ఉందండీ. ఆ ఎరుపులో ఉన్నవాళ్ళంతా మేం చూడని మనుషులండీ. వాళ్ళ పేర్లు కనిపిస్తేనే కదండీ, వెతుక్కుంటూ వెళ్తామండీ. మిగతా కేంద్రాలవి పచ్చగా ఉన్నాయండీ, నాకు వాటిని చూస్తేనే భయంగా ఉందండీ."

ఆ 'అండీ'లని బట్టి ఆవిడ ఎంత కోపంగా ఉన్నారో నాకొక్కడికే తెలుసు. హాల్లో ఎవరో నవ్వారు. కొన్నాళ్ళకి ఆవిణ్ణి అత్తిలి వైపు బదిలీ చేశారు. ఆవిడ రైలు బదులు బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. నేను మాత్రం పైవాళ్ళ వెంటపడి, వాళ్ళు విసుక్కున్నా వదలకుండా, ట్యాబ్‌లో ఒక చిన్న గడి పెట్టించాను: 'మనిషి రాలేదు'. ఆ గడి నొక్కితే బీపీ లేకుండానే మాత్రలు ఇచ్చినట్టు ఎక్కుతుంది, మనిషిని వెతకమని ఆశా కార్యకర్తకి కబురూ వెళ్తుంది. ఫోను చేసి చెబితే ఆవిడ "సంతోషమండి" అన్నారు. ఒకే ఒక్క 'అండి'.

ఆవిడ పోయారని తెలిసి తాడేపల్లిగూడెం వాళ్ళింటికి వెళ్ళాను. ఐసు పెట్టె ఇంకా రాలేదు. ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. గడియారం తీసేశారు, మణికట్టు లోపలి వైపు తెల్లటి మచ్చ ఉంది. బంధువులు, ఒకళ్ళిద్దరు డాక్టర్లు, వీధివాళ్ళు. మా ఆఫీసు నుంచి నేనే.

గుమ్మం దగ్గర ఒకామె చెప్పులు విడిచి, లోపలికి రావచ్చో లేదో అని నిలబడి ఉంది. మొహం ఎక్కడో చూసినట్టుంది. ఆ వాపు లేకపోవడంతో పోల్చుకోలేకపోయాను, ఆమే నన్ను పోల్చింది.

"నీళ్ళు తోడారు కదండీ, ఆ వేళ పడవలో" అంది.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా? మీ ఆయన రాలేదా?"

"చెరువు మీద ఉన్నారండి. ఇంతదూరం నువ్వెందుకు, నేనెళ్ళి చూసొస్తాలే అన్నారండి. నేనే వద్దన్నానండి. నా బదులు ఎవర్నీ పంపొద్దన్నారు కదండీ ఈవిడ."

లోపలికి వచ్చింది. ఎవరో పెద్దావిడ కాళ్ళ వైపు చోటు చేసి "ఇటు రామ్మా, పాదాలకి దణ్ణం పెట్టుకో" అంది. ఆమె అటు వెళ్ళలేదు. పక్కన కూర్చుంది. తన అరచేతులు రెండూ రుద్దుకుంది. ఒక చెయ్యి డాక్టరుగారి మోచేతి కిందికి పోనిచ్చి, కొంచెం ఎత్తి పట్టుకుంది.

"కాళ్ళ దగ్గరమ్మా" అంది పెద్దావిడ మళ్ళీ.

"నాకు ఈ చెయ్యే తెలుసండి" అంది ఆమె, గుమ్మం బయటకి చూస్తూ.